యార్డు ఫీజుతో చెత్త పాఠాలు: కొన్ని అపోహలు, వాస్తవాలు

కర్నూలు వార్డుల్లో తడి, పొడి చెత్త వేరు చేయడం నేర్పడం నా పని. డంపింగ్ యార్డులో పడే ప్రతి టన్ను చెత్తకీ ఫీజు (దీన్నే టిప్పింగ్ ఫీజు అంటారు) పెట్టి, ఆ డబ్బును నేర్పే వాళ్లకి గ్రాంటుగా ఇవ్వాలని నేను ఎక్కడ చెప్పినా దాదాపు ఇవే మాటలు ఎదురవుతాయి.

అపోహ: ఇది మళ్లీ చెత్త పన్నే.

ఆ భయం నాకు అర్థమవుతుంది. 2021లో ఇంటింటికీ వేసిన చెత్త రుసుం 2024లో ఎత్తేసేదాకా ఎంత గొడవైందో చూశాం. ఇది ఇంటి మీద వేసేది కాదు. యార్డు గేటు దగ్గర బండి కాటా ఎక్కినప్పుడు బరువును బట్టి పడుతుంది. చివరికి జనం డబ్బే కదా అంటారా, నిజమే. కానీ చెత్త వేరు చేసి ఇచ్చేకొద్దీ ఈ ఖర్చు తగ్గుతుంది. నెలనెలా ఒకే మొత్తం కట్టే రుసుంలో ఆ అవకాశం లేదు.

అపోహ: టిప్పింగ్ ఫీజు మన దగ్గర ఎప్పటినుంచో ఉంది.

పేరు అదే, డబ్బు నడిచే దారే వేరు. 2016 ఘన వ్యర్థాల నిబంధనల్లో టిప్పింగ్ ఫీజు అంటే ప్లాంటు లేదా ల్యాండ్‌ఫిల్ (చెత్త పూడ్చే చోటు) నడిపే వాళ్లకి ఇచ్చే సొమ్ము. టన్ను లెక్కన ఇస్తే, ఎన్ని టన్నులు వస్తే వాళ్లకి అంత లాభం. అమెరికాలోని పెన్సిల్వేనియాలో 1988 చట్టం ప్రకారం పారబోసే చెత్తకి టన్నుకి 2 డాలర్లు రీసైక్లింగ్ నిధికి వెళ్తాయి. అందులోంచే ఊళ్లకి గ్రాంట్లు, జనానికి నేర్పే ఖర్చుతో సహా. బ్రిటన్‌లో ల్యాండ్‌ఫిల్‌కి వెళ్లే చెత్త మీద 1996లో టన్నుకి 7 పౌండ్లతో మొదలైన పన్ను ఇప్పుడు 100 దాటింది. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యేలా మన కేంద్రం తెచ్చిన నిబంధనలు కూడా, వేరు చేయని చెత్తను ల్యాండ్‌ఫిల్‌కి పంపే స్థానిక సంస్థల మీద ఎక్కువ ఫీజు వేయమంటున్నాయి. ఆ డబ్బు దేనికి వాడతారన్నదే నా ప్రశ్న.

అపోహ: అవగాహన అంటే ర్యాలీ, ఫ్లెక్సీ.

నాకు ఒళ్లు మండేది ఇక్కడే. ఫ్లెక్సీ పీవీసీ. వాములమీద కప్పుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు, గుజిరీ అంగట్లో కూడా తీసుకోరు. ర్యాలీ అయ్యాక రోడ్డు నిండా నీళ్ల పాకెట్లే.

ఒక కాలనీలో ఇవన్నీ చేసి, వారం తర్వాత చూస్తే బుట్టలు ఎప్పటిలాగే ఉన్నాయి. తర్వాత పొదుపు సంఘం ఆడవాళ్లు ఇద్దరిని రోజూ పొద్దున బండితో పాటు పంపాం. మొదటి వారం తలుపులు కూడా సరిగ్గా తియ్యలేదు. రెండో వారం నుంచి ప్రశ్నలు మొదలయ్యాయి. పాల పాకెట్ కడగాలా? కవర్లో కుళ్లిన టమాటాలు ఎందులో వెయ్యాలి? ఒకామె గుసగుసగా, "అక్కా, ప్యాడ్లు ఏం చెయ్యాలి?" అంది. పేపర్లో చుట్టి విడిగా ఇవ్వమని చెప్పింది ఆ ఇద్దరిలో ఒకామె. ఫ్లెక్సీని ఎవరూ ఇలా అడగరు. రెండు నెలలయ్యేసరికి ఎక్కువ ఇళ్లలో రెండు బుట్టలు కనిపించాయి.

లెక్క కూడా పెద్దదేం కాదు. రోజుకి 100 టన్నులు, టన్నుకి 50 రూపాయలు అనుకోండి. నెలకి లక్షన్నర. పది మందికి పొద్దుటి పూట కూలి.

అపోహ: మనం వేరు చేసినా బండిలో కలిపేస్తారు.

ఇది పూర్తి అపోహ కాదు. నేనూ చూశాను. అందుకే లోపల అరలున్న బండి వచ్చే వీధికే ముందు గ్రాంటు ఇవ్వాలంటాను. అది లేకుండా వెళ్తే ఆడవాళ్లు మా మొహం మీదే నవ్వుతారు.

అపోహ: ఫీజు పెడితే చాలు, చెత్త తగ్గిపోతుంది.

గార్గేయపురం యార్డు దాకా వెళ్లి ఫీజు కట్టేకంటే రాత్రిపూట హంద్రీ ఒడ్డున కుమ్మరించి పోవడం తేలిక. ముఖ్యంగా ఇల్లు పడగొట్టిన మట్టీ ఇటుకలూ. కాటా, నిఘా లేని ఫీజు నదికి చేటు.

ఇక అందరికంటే తెలివిగా అడిగేవాళ్లు కొందరుంటారు: చెత్త తగ్గితే ఫీజు తగ్గి, గ్రాంటు కూడా ఎండిపోదా? తగ్గుతుంది. అందుకే పర్మినెంటు జీతాలు దీని మీద పెట్టొద్దంటాను. ఒక వీధికి మూడు నెలలు, తర్వాత పక్క వీధి. వదిలొచ్చిన చోట చెత్త మళ్లీ కలిసిపోయిందేమో నెలకోసారి బుట్టలు చూసి రావడానికి ఇద్దరి కూలి మిగిలితే చాలు.