కారణాంకాల కోసం ఎంతవరకు వెతకాలి?

చిరంజీవులిద్దరికీ అమ్మమ్మ ఆశీస్సులు.

నిన్న ఫోన్‌లో ఇద్దరూ లెక్కల హోంవర్క్ గురించే చెప్పారు. చిన్నదానికి ప్రధాన సంఖ్యలు, పెద్దవాడికి బీజగణితంలో కారణాంక విభజన. పాఠాలు వేరైనా ఇద్దరూ అడిగింది ఒకటే: "ఎంతసేపని వెతకాలి అమ్మమ్మా?" చాలా మంచి ప్రశ్న. ఎక్కడ ఆగాలో తెలియనప్పుడే టెన్షన్ వస్తుంది. ఇన్నేళ్లు లెక్కలు చెప్పిన దాన్ని కదా, ఫోన్‌లో రెండు ముక్కల్లో చెప్పి వదిలేయబుద్ధి కాలేదు. పక్కన కాగితం, పెన్సిల్ పెట్టుకుని చదవండి.

ముందు చిన్నదానికి. 91 ప్రధాన సంఖ్య అని రాశావు. అలా రాసేవాళ్లు చాలామంది ఉంటారు. ఏడో ఎక్కం 70 దగ్గర ఆపేస్తాం కాబట్టి 7 × 13 = 91 అని కళ్లకు కనబడదు. 51, 57, 87 కూడా ఇలాగే మోసం చేస్తాయి. కానీ ఈ మూడింటికీ అంకెలు కూడి చూస్తే చాలు, 3తో భాగం పోతుందని తెలిసిపోతుంది. 91కి ఆ సాయం లేదు, 7తో భాగించి చూడాల్సిందే.

మరి 97 సంగతి? 2తో పోదు, 3తో పోదు, 5తో పోదు, 7తో పోదు. తర్వాతి ప్రధాన సంఖ్య 11. ఇక్కడ ఆగిపోవచ్చు, 97 ప్రధాన సంఖ్యే. ఎందుకో చెబుతాను, ఇది మాత్రం బట్టీ పట్టొద్దు. 97ను రెండు సంఖ్యల లబ్ధంగా రాయగలిగాం అనుకో. ఆ రెండూ 10 కంటే పెద్దవైతే లబ్ధం కనీసం 11 × 11, అంటే 121 అవ్వాలి. అది 97ను దాటిపోయింది. కాబట్టి ఒక కారణాంకం ఉంటే గింటే 10 లోపే దొరకాలి. 10 లోపు ఉన్న ప్రధాన సంఖ్యలు నాలుగే, నాలుగూ చూసేశాం. ఏ సంఖ్యకైనా దాని వర్గమూలం వరకు చూస్తే చాలు అనేది ఇందుకే.

అలాగని ముందే ఆగిపోకూడదు. 323 తీసుకో. దాని వర్గమూలం 18కి కొంచెం తక్కువ. 2, 3, 5, 7, 11, 13 వేటితోనూ పోదు. "ఇంక ప్రధానమేలే" అని రాసేయాలనిపిస్తుంది. మిగిలిన ఒక్క 17తో భాగించి చూడు, సరిగ్గా 19 వస్తుంది.

క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో ఎరటోస్తనీస్ అనే గ్రీకు పండితుడు చెప్పిన జల్లెడలో ఉన్నదీ ఇదే. 2 నుంచి 100 వరకు సంఖ్యలు రాసి 2, 3, 5, 7లను ఉంచి వాటి మిగతా గుణిజాలు కొట్టేస్తే 25 సంఖ్యలు మిగులుతాయి. అవన్నీ ప్రధాన సంఖ్యలే. నాలుగు సంఖ్యలతోనే పని ఎందుకు అయిపోయిందో ఇప్పుడు నువ్వే చెప్పగలవు.

ఇంకొక్కటి, 1 ఎందుకు ప్రధాన సంఖ్య కాదని అడిగావు. 12ను ప్రధాన సంఖ్యల లబ్ధంగా రాస్తే 2 × 2 × 3. వరుస మార్చి రాయొచ్చు గానీ వేరే రకంగా రాయలేం. 1ని కూడా ప్రధానం అనేస్తే 1 × 2 × 2 × 3 అనీ, 1 × 1 × 2 × 2 × 3 అనీ ఎన్ని రకాలుగానైనా రాసుకోవచ్చు. ప్రతి సంఖ్యకూ ఒకే ఒక్క ప్రధాన కారణాంక విభజన ఉంటుందన్న మాట పోతుంది. ఆ మాట కాపాడుకోవడానికే 1ని బయట ఉంచారు.

ఇక్కడి నుంచి పెద్దవాడికి, చిన్నది కూడా వినొచ్చు. మీ పుస్తకంలో ఎక్స్ అని ఉన్నచోట నేను 'క' అని రాస్తాను. అక్షరం మారితే లెక్క మారదు.

నువ్వు ఆగిపోయిన లెక్క: 6క² + క − 12. మొదటి గుణకం 6ని చివరి −12తో గుణిస్తే −72. గుణిస్తే −72, కూడితే మధ్య పదం గుణకం 1 వచ్చే రెండు సంఖ్యలు కావాలి. నువ్వు గుర్తొచ్చిన జతలన్నీ రాసి, ఇంకా ఏమైనా మిగిలాయేమోనని భయపడ్డావు. ఎన్ని జతలు ఉంటాయో ముందే లెక్కపెట్టుకోవచ్చు, చూడు. 72 = 2³ × 3². దీని కారణాంకం ఏదైనా కొన్ని 2లతో, కొన్ని 3లతో తయారవుతుంది. 2ను అసలు తీసుకోకపోవచ్చు, ఒకటి, రెండు లేదా మూడు తీసుకోవచ్చు: నాలుగు దారులు. 3కి అలాగే మూడు దారులు. 4 × 3 = 12 కారణాంకాలు, అంటే ఆరు జతలు: 1–72, 2–36, 3–24, 4–18, 6–12, 8–9. ఆరూ వచ్చాయి, ఏడోది లేదు.

లబ్ధం రుణాత్మకం కాబట్టి రెండింటికీ గుర్తులు వేరు. అప్పుడు కూడడమంటే తేడా తీయడమే. తేడా 1 ఉన్న జత 8–9. మొత్తం +1 రావాలి కాబట్టి +9, −8.

6క² + 9క − 8క − 12
= 3క(2క + 3) − 4(2క + 3)
= (2క + 3)(3క − 4)

మొదటి, చివరి సంఖ్యలను ఎందుకు గుణించాలని ఎప్పుడైనా అనుకున్నావా? చాలా క్లాసుల్లో ఈ మాట చెప్పకుండానే ముందుకు వెళ్లిపోతారు, నాకు అది బాధగా ఉంటుంది. జవాబును తిరిగి గుణించి చూడు. మధ్య పదం రెండు ముక్కల నుంచి వస్తుంది: 2 × (−4) = −8, 3 × 3 = 9. ఈ రెండు ముక్కలను గుణిస్తే అందులో 2, −4, 3, 3 అనే నాలుగు సంఖ్యలు ఉంటాయి. మొదటి గుణకం 2 × 3, చివరిది 3 × (−4). వాటిని గుణించినా అవే నాలుగు సంఖ్యలు. అందుకే రెండు లబ్ధాలూ ఒకటే అవుతాయి.

ఎంత వెతికినా జత దొరకని లెక్కలూ ఉంటాయి. క² + 5క + 8లో లబ్ధం 8, మొత్తం 5 కావాలి. 8 = 2³, కారణాంకాలు నాలుగు, జతలు రెండే: 1–8 మొత్తం 9, 2–4 మొత్తం 6. రెండూ రుణ సంఖ్యలైతే మొత్తం కూడా రుణమే అవుతుంది. 5 రాదు. అప్పుడు "పూర్ణాంకాలతో కారణాంకాలుగా విడదీయలేం" అని ధైర్యంగా రాయి. అది కూడా పూర్తి జవాబే.

నీ నోట్సు ఫొటోలో ఒక తప్పు కనబడింది. లవంలో క + 6, హారంలో 6 ఉంటే రెండు 6లనూ కొట్టేసి క అని రాశావు. క బదులు 12 పెట్టి చూడు: 18ని 6తో భాగిస్తే 3, నీ జవాబు 12. కొట్టేయడానికి అది కారణాంకం అయి ఉండాలి, అంటే మొత్తం లవాన్ని గుణిస్తూ ఉండాలి. ఇక్కడ 6 కూడికలో ఉన్న పదం మాత్రమే. క² − 9ని క − 3తో భాగించమంటే ముందు పైదాన్ని (క − 3)(క + 3)గా విడదీయాలి, ఆ తర్వాతే కొట్టేయాలి. క విలువ 3 కాకూడదన్న షరతు కూడా పక్కన రాసుకో.

ఇలా అక్షరం బదులు సంఖ్య పెట్టి చూసుకోవడం ఇద్దరూ అలవాటు చేసుకోండి. 0, 1 మాత్రం పెట్టొద్దు, చాలా తప్పులు వాటి దగ్గర దొరక్కుండా తప్పించుకుంటాయి. ఒక్క సంఖ్య దగ్గర తేడా వచ్చినా జవాబు తప్పని ఖాయం. కానీ కొన్ని సంఖ్యలకు సరిపోయినంత మాత్రాన నిరూపించినట్టు కాదు. 1772లో ఆయిలర్ అనే గొప్ప గణితవేత్త క² − క + 41 గురించి రాశాడు. క స్థానంలో 1 నుంచి 40 వరకు ఏది పెట్టినా ప్రధాన సంఖ్యే వస్తుంది. నలభై సార్లు! 41 పెట్టగానే 41² వస్తుంది, అది 41 × 41.

చివరగా నాకు చాలా ఇష్టమైన సంగతి. 899 ప్రధానమా అని అడిగితే చిన్నది 29 వరకు భాగిస్తూ పోవాలి. 899 = 30² − 1² అని గమనిస్తే పెద్దవాడి సర్వసమీకరణం సాయానికొస్తుంది: (30 − 1)(30 + 1) = 29 × 31. 1643 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో ఫెర్మా అనే న్యాయవాది 202,76,51,281 అనే సంఖ్యను ఈ దారిలోనే విడదీశాడు. వర్గమూలం కంటే కొంచెం పెద్ద సంఖ్యతో మొదలుపెట్టి, దాని వర్గం నుంచి అసలు సంఖ్య తీసేస్తే మరో వర్గం మిగులుతుందా అని ఒక్కొక్కటే పెంచుతూ చూశాడు. 45041 దగ్గర 1020² మిగిలింది. 45041 నుంచి 1020 ఒకసారి తీసి, ఒకసారి కూడి చూడండి: 44021 × 46061. చేత్తో, కాగితం మీద! మామూలుగా భాగిస్తూ వెళ్లి ఉంటే వేలకొద్దీ ప్రధాన సంఖ్యలను ప్రయత్నించాల్సి వచ్చేది.

మీ ఇద్దరికీ కలిపి ఒక లెక్క: 8051. ఒకరు భాగిస్తూ వెళ్లండి, ఇంకొకరు వర్గాల దారిలో వెళ్లండి. ఎవరికి ఎన్ని ప్రయత్నాలు పట్టాయో నాకు రాయండి.

ప్రేమతో,
మీ అమ్మమ్మ