గది వెతికింది ఒకచోట, ప్రకటన కనిపించేది ఇంకోచోట

అలిపిరి దగ్గర గది కోసం ఫోన్‌లో వెతికిన భక్తుడికి, ఆ తర్వాత వార్తలు చదువుతున్నా, వంటల సైటు చూస్తున్నా లాడ్జీల ప్రకటనలే ఎదురవుతాయి. దర్శనం చేసుకుని ఊరు చేరాక కూడా అవి వదలవు. ఈ వెంటపడటం ముప్పై ఏళ్ల నాటిది.

1994లో నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ కంపెనీ ఇంజినీరు లూ మాంటులి కుకీని, అంటే సైటు మన బ్రౌజర్‌లో దాచిపెట్టే చిన్న గుర్తును, తయారుచేశారు. కొనేవాళ్లు బుట్టలో ఏం వేసుకున్నారో సైటుకు గుర్తుండాలి, అంతే. కానీ పేజీలో ప్రకటన వేరే కంపెనీ సర్వర్ నుంచి వస్తే, ఆ కంపెనీ కూడా తన కుకీ పెట్టేయగలదు. దాని ప్రకటనలు వెయ్యి సైట్లలో ఉంటే వెయ్యిచోట్లా అదే ఫోన్‌ను గుర్తుపడుతుంది. ఈ ముప్పును ముందే పసిగట్టారు. 1997 ఫిబ్రవరిలో వచ్చిన ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం ఆర్‌ఎఫ్‌సీ 2109, వాడేవారు తామే కోరుకుంటే తప్ప ఇలాంటి థర్డ్ పార్టీ కుకీలను అనుమతించొద్దంది. నాటి పెద్ద బ్రౌజర్లు ఆ మాట వినలేదు. అసలు తప్పు అక్కడే జరిగిందని నా అభిప్రాయం. సెట్టింగ్స్ తెరిచి మార్చుకునేవాళ్లు ఎందరుంటారు? కంపెనీ ఎలా పెట్టి ఇస్తే కోట్లమందికి అలాగే ఉండిపోతుంది.

ఆపిల్ బ్రౌజర్ సఫారీ మాత్రం మొదట్నుంచీ కొంత అడ్డుకుంది. ఆ అడ్డును దాటిన వ్యవహారంలో గూగుల్ 2012లో అమెరికాలో 2.25 కోట్ల డాలర్ల జరిమానా కట్టింది. 2017లో ఆపిల్ పట్టు బిగించి, 2020 మార్చికల్లా సఫారీలో థర్డ్ పార్టీ కుకీలను పూర్తిగా ఆపేసింది. ఫైర్‌ఫాక్స్ 2019లో తెలిసిన ట్రాకర్లను ఆపి, 2022లో ఏ సైటు కుకీలను ఆ సైటుకే పరిమితం చేసింది.

హోటళ్లకు సైట్లు చేసిపెట్టే తిరుపతి డెవలపర్లకు దీని దెబ్బ తగిలేది ఇక్కడే: లాడ్జి సైటులో బుకింగ్ విండోను వేరే డొమైన్ (వేరే సైటు చిరునామా) నుంచి ఐఫ్రేమ్‌లో, అంటే పేజీ లోపల ఇంకో పేజీని చూపించే చట్రంలో, పెడతారు. ఆండ్రాయిడ్‌లో బాగానే నడుస్తుంది. ఐఫోన్‌లో ఓటీపీ కొట్టాక మళ్లీ లాగిన్ పేజీయే వస్తుంది. ఐఫ్రేమ్‌లోని సర్వర్‌కు తన కుకీ అందదు కాబట్టి వచ్చింది ఎవరో దానికి తెలియదు. బుకింగ్‌ను లాడ్జి సొంత సబ్‌డొమైన్‌లోకి (దాని సైటు చిరునామా కిందే ఉండే భాగంలోకి) మార్చినా, విడి పేజీలో తెరిచినా సరిపోతుంది. ఆ కాస్త పనికి బద్ధకించి, రక్షణ ఆపేయమని కస్టమర్‌కు చెప్పడం అన్యాయం.

ఇక మనలో ఎక్కువమంది వాడే క్రోమ్. థర్డ్ పార్టీ కుకీలను రెండేళ్లలో తీసేస్తామని గూగుల్ 2020 జనవరిలో ప్రకటించింది. గడువు మళ్లీమళ్లీ జరిపింది. 2024 జులైలో ఆ ఆలోచన మానుకుంది, 2025 ఏప్రిల్‌లో పాత పద్ధతే ఉంటుందని తేల్చేసింది. ఇన్‌కాగ్నిటోలో, అంటే హిస్టరీ దాచుకోని ప్రైవేటు విండోలో అయితే ఆ కుకీలు వాటంతట అవే ఆగుతాయి. మామూలు విండోలో ఆపాలంటే సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఎవరికి వారే మార్చుకోవాలి.