అరేంజర్ కీబోర్డు కొనేవాళ్లకు: కొన్ని అపోహలు, అసలు వాస్తవాలు

నల్లగొండ చుట్టుపక్కల గణేశ్ మండపాల ప్రోగ్రాములకు, చర్చి క్వయర్లకు, పెళ్లి ఆర్కెస్ట్రాలకు కీబోర్డు వాయిస్తాను. ఖాళీ సాయంత్రాల్లో పిల్లలకు నేర్పిస్తాను. ఈ మధ్య నా దగ్గరికి వచ్చే ఇంటర్, డిగ్రీ పిల్లల్లో ఎక్కువమంది అడిగేది అరేంజరే. ఎందుకో అర్థం చేసుకోవడం కష్టం కాదు. దేవరకొండలోనో కల్వకుర్తిలోనో ఉండే పిల్లాడికి డ్రమ్మర్, బేస్ గిటారిస్టు ఎక్కడ దొరకాలి? దొరికినా నలుగురూ కూర్చుని రిహార్సల్ చేసుకునే రూమ్ ఏది? అరేంజర్‌లో ఎడమచేత్తో ఒక కార్డ్ (కలిపి నొక్కే రెండు మూడు స్వరాలు) పట్టుకుంటే డ్రమ్స్, బేస్, గిటార్, స్ట్రింగ్స్ అన్నీ దాని వెంట నడుస్తాయి. ఫోన్‌లో బీట్లు చేసుకునే అలవాటున్న పిల్లలకు, ఆ బీటు తమ చేతి కింద అప్పటికప్పుడు మారుతుంటే వచ్చే హుషారు వేరు. ఆ ఇష్టంతో నాకు పేచీ లేదు. కొనే దగ్గరే గోలంతా.

అపోహ: టోన్లు ఎన్ని ఎక్కువుంటే అంత మంచి కీబోర్డు.

"అన్నా, దీంట్ల ఎన్ని టోన్లున్నయ్?" అన్నదే మొదటి ప్రశ్న. ఒక ప్రోగ్రాం మొత్తంలో నేను వాడేవి స్ట్రింగ్స్, ఫ్లూట్, పియానో, షెహనాయ్, హార్మోనియం, ఒకట్రెండు లీడ్ టోన్లు. డబ్బా మీద రాసిన వందల్లో సగం పేర్లు మళ్లీ చూడనే చూడం.

దానికి బదులు పిచ్ బెండ్ వీల్, అంటే స్వరాన్ని పైకీ కిందికీ జార్చే చక్రం, ఉందా అని చూడండి. కొన్ని తక్కువ ధర మోడళ్లలో అసలుండదు. అది లేకుండా ఫ్లూట్ టోన్ పెట్టి గమకం పలికించాలంటే కుదరదు, మెట్టు మెట్టుకీ స్వరం విరిగినట్టే వినిపిస్తుంది. రెండోది పాలిఫొనీ, అంటే ఒకేసారి ఎన్ని స్వరాలు మోగగలవో ఆ లెక్క. క్యాసియో సీటీ-ఎక్స్700లో అది 48, యమహా పీఎస్ఆర్-ఎస్ఎక్స్700లో 128. స్టైల్, అంటే వెనక నడిచే ఆ డ్రమ్స్-బేస్ బ్యాండు, పూర్తిగా నడుస్తుండగా కుడిచేతికి రెండు టోన్లు కలిపి పెట్టి, పైనుంచి స్వరాన్ని మోగుతూనే ఉంచే సస్టైన్ పెడల్ తొక్కి చూడండి. 48 ఇట్టే అయిపోతుంది, ముందు నొక్కిన స్వరాలు మధ్యలోనే తెగుతాయి. ఇంట్లో ఆ చిన్న స్పీకర్లలో ఇది పట్టుబడదు. స్టేజీ బాక్సుల్లో దొరికిపోతుంది.

అపోహ: స్టైల్స్ ఉన్నాయి కదా, ఏ పాటైనా వాయించేయొచ్చు.

అన్నిటికన్నా ఎక్కువ డబ్బు పోయేది ఈ నమ్మకం వల్లే. మన దేశం కోసం చేసిన మోడళ్లలో కహర్వా, దాద్రా లాంటి తబలా నడకలు ఇస్తారు. కానీ బోనాలకు కొట్టే డప్పు దరువు, బరాత్‌లో తీన్‌మార్, బతుకమ్మ చుట్టూ చప్పట్ల నడక మన దగ్గర వినిపించినట్టు ఏ కీబోర్డులోనూ నేను వినలేదు. బతుకమ్మ పాటకు దాద్రా పెడితే సరిపోతుందనుకుంటారు. లెక్కకు రెండూ ఆరే. కానీ బరువు పడే చోటు వేరు, పైగా ఆ తబలా మెత్తదనం ఆడవాళ్ల చప్పట్ల పక్కన తేలిపోతుంది. ఆడేవాళ్ల అడుగు కూడా కలవదు.

అందుకే నా లెక్కలో ఇక్కడివాళ్లు మొదట అడగాల్సింది, స్టైల్‌ను మనమే తయారు చేసుకునే వీలుందా అని. యమహా ఎస్ఎక్స్ సిరీస్, కోర్గ్ పీఏ సిరీస్‌లో అది ఉంది. తక్కువ ధరవాటిలో చాలావరకు బయట చేసిన స్టైల్‌ను లోడ్ చేసుకోవడమే తప్ప, అందులోనే కొత్తది చేయడం కుదరదు.

తయారు చేయడం బ్రహ్మవిద్యేం కాదు. యమహాలో స్టైల్‌ను మామూలుగా సి మేజర్ సెవెన్త్ కార్డ్ మీద రికార్డు చేస్తాం. మనం వేరే కార్డ్ పట్టుకున్నప్పుడు బేస్, గిటార్ లాంటి భాగాలను కీబోర్డు తన రూల్స్ ప్రకారం ఆ కార్డ్‌కు మార్చుకుంటుంది, డ్రమ్స్‌ను మాత్రం ముట్టుకోదు. కాబట్టి మొదటిసారి దరువు ఒక్కటే రికార్డు చేసి, దానికి నాలుగు స్వరాల బేస్ తగిలించండి. అది కుదిరాక ఒక ఫిల్ (పల్లవి, చరణం మారేచోట పడే చిన్న డ్రమ్ బిట్), ఒక ఎండింగ్. గిటార్, స్ట్రింగ్స్ జోలికి అప్పుడే పోవద్దు. రాగం ఉన్న బిట్ ఏదైనా అందులో ఇరికించారంటే, కార్డ్ మారగానే అది మీ రాగంలోంచి బయటికి పోతుంది.

దీనికి తోడు ఇంకో చిట్కా. జానపద పాటల్లో చాలావాటికి మేజర్, మైనర్ కార్డ్‌లు అతకవు, మధ్యలో ఉన్న గాంధారం పాటకు అడ్డం పడుతుంది. అలాంటప్పుడు యమహా ఫింగర్డ్ మోడ్‌లో (కార్డ్ స్వరాలన్నీ మనమే పట్టుకునే పద్ధతి) స, ప రెండే పట్టుకోండి. వెనక బ్యాండు కూడా ఆ రెండిటి మీదే నడుస్తుంది, తంబూరా శృతి పట్టినట్టు.

పెన్‌డ్రైవ్‌లో స్టైల్స్ అమ్మేవాళ్లు కూడా ఉన్నారు. యమహా స్టైల్ కోర్గ్‌లో నేరుగా నడవదు. యమహాలోనే పెద్ద మోడల్‌కు చేసినది చిన్న మోడల్‌లో వేస్తే, ఆ టోన్ అక్కడ లేక గిటార్ స్ట్రమ్మింగ్ వింత చప్పుళ్లుగా మారుతుంది. డబ్బులిచ్చే ముందు మీ కీబోర్డులో వేసి వినిపించమనండి.

అపోహ: అరేంజర్ అంటే మెషీన్ వాయించడమే, వీడు వాయించేదేమీ లేదు.

హార్మోనియం నుంచి వచ్చిన పెద్దలు ఈ మాట అంటారు. సింగిల్ ఫింగర్ మోడ్ చూసి అంటే వాళ్లది తప్పనలేం. యమహాలో 'సి' ఒక్కటి నొక్కితే మేజర్, దాని ఎడమ పక్క నల్ల మెట్టు కలిపితే మైనర్, తెల్ల మెట్టు కలిపితే సెవెన్త్. వారంలో వచ్చేస్తుంది, అక్కడే ఆగిపోయినవాళ్లూ చాలామంది ఉన్నారు. అయితే గాయకుడు పల్లవి రెండోసారి ఎత్తుకుంటాడో లేదో అతని మొహం చూసి పసిగట్టి, సరిగ్గా బీటు ముందు ఫిల్ నొక్కడం మెషీన్ పని కాదు. పాట ఎక్కడ ఆపాలో కూడా దానికి తెలియదు.

అపోహ: స్టేజీ మీద సీనియర్ల దగ్గర ఉన్నదే కొనాలి.

సీనియర్ల ముందు తరచుగా కనిపించేది రోలాండ్ ఎక్స్‌పీఎస్-10. మంచి సింథసైజరే కానీ అరేంజర్ కాదు, ఎడమచేత్తో కార్డ్ పట్టుకుంటే బ్యాండు వెంట రాదు. వాళ్ల పక్కన ఆక్టోప్యాడ్ (ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్లు) వాయించే మనిషి ఉంటాడు. మీ పక్కన ఎవరున్నారో చూసుకుని కొనండి.

అపోహ: 61 మెట్లు చాలవు.

చాలు. యమహా పీఎస్ఆర్-ఎస్ఎక్స్900కూ 61 మెట్లే. యమహాలో స్ప్లిట్, అంటే ఎడమ కుడి చేతుల భాగాలు విడిపోయే చోటు, మామూలుగా ఎఫ్ షార్ప్ దగ్గర ఉంటుంది, ఎడమచేతికి 19, కుడిచేతికి 42 వస్తాయి. పియానో నేర్చుకోవాలంటే అది వేరే వాయిద్యం.

అపోహ: కంపెనీ ఇచ్చిన టోన్లతోనే సరిపెట్టుకోవాలి.

ఉమ్మడి పాలమూరు జిల్లా 12 మెట్ల కిన్నెర (జానపద తీగ వాయిద్యం) కళాకారుడు దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చాక, కిన్నెర టోన్ ఉందా అని పిల్లలు అడగడం మొదలుపెట్టారు. ఉండదు, కానీ చేసుకోవచ్చు. కిన్నెర వాయించేవాళ్లను అడిగి, ఒక్కో మెట్టు విడిగా రికార్డు చేసుకుని, కంప్యూటర్‌లో యమహా ఎక్స్‌పాన్షన్ మేనేజర్‌తో ప్యాక్ తయారు చేసి ఎక్కించుకోవడమే. అందుకు ఎస్ఎక్స్700లో 400 ఎంబీ, ఎస్ఎక్స్900లో 1 జీబీ చోటుంది. ఓపిక ఉన్న పిల్లలు చేయగలిగిన పనే ఇది.

అపోహ: ట్రాన్స్‌పోజ్ ఉంది, ఇక శృతి టెన్షన్ లేదు.

అన్న ఒకటిన్నర శృతిలో పాడతాడు, అక్క ఐదున్నరలో ఎత్తుకుంటుంది. ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కితే వేళ్లు మారకుండానే శృతి మారిపోతుంది, నిజమే. తర్వాతి పాటకు దాన్ని తిరిగి సున్నాకు తేవడం మరిచిపోయారా, పక్కన హార్మోనియం ఒక దారి, మీరొక దారి. పాటపాటకూ ట్రాన్స్‌పోజ్‌తో సహా రిజిస్ట్రేషన్‌లో (సెట్టింగులు దాచుకునే మెమరీ) సేవ్ చేసుకోండి.

అపోహ: పిన్ను పట్టిందంటే ఏ అడాప్టరైనా పర్వాలేదు.

సీటీ-ఎక్స్700కు 9.5 వోల్టులు, యమహా చిన్న మోడళ్లలో చాలావాటికి 12, ఎస్ఎక్స్700కు 16. జాతరలో జనరేటర్ మీద, తొందరలో పక్కవాడి అడాప్టర్ గుచ్చితే బోర్డు పోయే ప్రమాదం ఉంది. మీ అడాప్టర్ మీద మార్కర్‌తో పేరు రాసుకోండి.

అపోహ: సెకండ్ హ్యాండ్ వద్దే వద్దు.

బడ్జెట్ తక్కువుంటే కొత్త చిన్నదాని కన్నా పాత పెద్దదే మేలు అంటాను. చూసేటప్పుడు మాత్రం పియానో టోన్ పెట్టి, కింది నుంచి పైదాకా ఒక్కో మెట్టునూ నెమ్మదిగా, ఒకే బరువుతో నొక్కండి. మన దుమ్ముకు లోపలి రబ్బరు కాంటాక్టులు పాడైతే ఏదో ఒక మెట్టు మెల్లగా నొక్కినా గట్టిగా అరుస్తుంది, లేదా అసలు పలకదు. రెండు మూడు మెట్లే అయితే విప్పి శుభ్రం చేయిస్తే సరిపోవచ్చు, ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి. పిచ్ బెండ్ వీల్ తిప్పి వదిలేయండి, శృతి సరిగ్గా మొదటి చోటికి రావాలి. హెడ్‌ఫోన్స్ మీరే తీసుకెళ్లండి, వెనక అవుట్‌పుట్ జాక్‌లో వైరు పెట్టి కదిలిస్తే గరగర వస్తుందేమో వినండి.