80 చట్టానిది, 20 కౌన్సిల్‌ది: ఇంగ్లండ్‌లో బిజినెస్ రేట్ల రాయితీ వెనక కథ

ఇంగ్లండ్‌లో ఏటా మార్చి వచ్చేసరికి దుకాణాలకు, రెస్టారెంట్లకు, చారిటీల ఆఫీసులకు స్థానిక కౌన్సిల్ నుంచి బిజినెస్ రేట్ల (ఇళ్లు కాని చోట్ల మీద వేసే పన్ను) బిల్లు అందుతుంది. పైన మొత్తం పన్ను, దాని కింద తీసివేతలు ఉంటాయి. ఆ తీసివేతల్లో కొన్ని చట్టం ఇచ్చిన హక్కులు, కొన్ని కౌన్సిల్ తన ఇష్టం మీద ఇచ్చినవి. రెండూ ఒకటేనని ధీమాగా ఉండి, ఒక ఏడాది రెండోది ఆగిపోయాక పరుగులు పెట్టే సంస్థలు చాలా ఉన్నాయి. ఈ తేడా ఎలా పుట్టిందో తెలిస్తే దరఖాస్తు ఎవరికి, ఏమని పెట్టుకోవాలో కూడా తెలుస్తుంది.

ఈ పన్నుకు మూలం 1601 నాటి పేదల సహాయ చట్టం. పారిష్‌లోని (ఒక చర్చి పరిధిలోని ప్రాంతం) పేదలను పోషించడానికి అక్కడ భూమి, ఇల్లు అనుభవిస్తున్నవారి నుంచి వసూలు చేసేవారు. పన్ను యజమానిది కాదు, అనుభవిస్తున్నవారిది అన్న సూత్రం, వాడకంలో ఉన్న చోట్ల వరకు, అప్పటి నుంచీ మారలేదు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఆస్తి పన్ను నోటీసు యజమాని పేరిట వస్తుంది. ఇంగ్లండ్‌లో మాత్రం షాపు అద్దెకు తీసుకున్నవారి పేరిటే వస్తుంది. కొత్తగా టిఫిన్ సెంటరో కిరాణా కొట్టో పెట్టుకునేవారు అద్దె ఒప్పందం మీద సంతకం చేసే ముందే ఆ చోటు రేటబుల్ వాల్యూ ఎంతో చూసుకోవాలి. ఒక నిర్ణీత తేదీన ఆ చోటుకు ఏడాదికి ఎంత అద్దె పలికేదో దాని అంచనాయే రేటబుల్ వాల్యూ. 2026 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న విలువల జాబితాకు ఆ తేదీ 2024 ఏప్రిల్ 1.

మినహాయింపుల్లో పాతది ప్రార్థనా స్థలాలది, 1833 నాటిది. దాని షరతులు అక్కడి మన ఆలయ కమిటీలకు నేరుగా తగులుతాయి. ఆ చోటు చట్టప్రకారం ప్రార్థనా స్థలంగా ధ్రువీకరణ పొంది ఉండాలి, పూజ అందరికీ తెరిచి ఉండాలి. మోర్మన్లనే క్రైస్తవ శాఖవారి ఆలయంలోకి ఎంపిక చేసిన సభ్యులనే రానిస్తారు కాబట్టి అది బహిరంగ ఆరాధన కాదని 1963లో హౌస్ ఆఫ్ లార్డ్స్ (అప్పటి అత్యున్నత న్యాయస్థానం) తేల్చి మినహాయింపు నిరాకరించింది. గోడౌన్ అద్దెకు తీసుకుని గుడి పెట్టి, ధ్రువీకరణ సంగతి మరచిపోతే బిల్లు మామూలు గోడౌన్‌కు వచ్చినట్టే వస్తుంది.

చారిటీలకు తప్పనిసరి రాయితీ 1961 చట్టంతో వచ్చింది. అప్పట్లో అది సగం. మిగతా సగంలో ఎంత వదులుకోవాలో కౌన్సిల్ ఇష్టం. తర్వాత చారిటీ షాపుల తగాదా వచ్చింది. ఆక్స్‌ఫామ్ అనే చారిటీ దుకాణాల్లో పాత బట్టలు అమ్మడం నిధుల సేకరణే తప్ప దానికదే ధర్మకార్యం కాదని 1975లో హౌస్ ఆఫ్ లార్డ్స్ బర్మింగ్‌హామ్ కౌన్సిల్ వైపు తీర్పిచ్చింది. మరుసటి ఏడాదే పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి ఆ షాపులను రాయితీలోకి తెచ్చింది. అయితే ఒక గీత గీసింది: షాపు పూర్తిగానో ప్రధానంగానో దానంగా వచ్చిన వస్తువులనే అమ్మాలి, రాబడి చారిటీకే వెళ్లాలి. ఆ గీత నేటికీ అంతే. కొని తెచ్చిన కొత్త సరుకు దానపు సరుకును మించిపోతే రాయితీ పోతుంది. అందుకే అమ్మకాల పుస్తకంలో ఈ రెండింటినీ వేరుగా రాసుకోవడం అవసరం.

అసలు మలుపు 1990 ఏప్రిల్ 1. అంతకుముందు రేటబుల్ వాల్యూలో పౌనుకు ఎన్ని పెన్నీలు పన్ను వేయాలో ప్రతి కౌన్సిల్ తనే నిర్ణయించుకునేది. 1988 చట్టం ఆ అధికారాన్ని తీసేసి దేశమంతటికీ ఒకే రేటు (మల్టిప్లయర్) పెట్టింది. చారిటీల తప్పనిసరి రాయితీని 80 శాతానికి పెంచింది. పన్ను రేటు మీద పట్టు పోయాక కౌన్సిల్ చేతిలో మిగిలింది ప్రధానంగా రాయితీయే: చారిటీలకు పై 20 శాతం, లాభాపేక్ష లేని ఇతర సంస్థలకు 100 శాతం దాకా, కష్టాల్లో పడ్డవారికి ప్రత్యేకంగా కొంత. స్థానిక వ్యాపారాలు, సంస్థలు కౌన్సిల్ సభ్యుల మీద ఒత్తిడి తెచ్చేదంతా ఈ కాస్త చోటులోనే.

2012 ఏప్రిల్ నుంచి ఈ చోటు పెరిగింది. లోకలిజం చట్టం పుణ్యమా అని చారిటీయే కానక్కర్లేదు, ఏ వ్యాపారానికైనా కౌన్సిల్ రాయితీ ఇవ్వవచ్చు. షరతు ఒక్కటే: కౌన్సిల్ టాక్స్ (ఇళ్ల మీద పన్ను) కట్టే స్థానికుల ప్రయోజనం చూసినా అది సమంజసంగా ఉండాలి. మరుసటి ఏడాది, 2013లో, వసూలైన రేట్లలో సగం స్థానికంగానే ఉంచుకునే పద్ధతి వచ్చింది. దాంతో రాయితీ భారం కూడా సగం స్థానికుల మీద పడింది.

లెక్క వేసి చూద్దాం. 2025-26లో ఒక చారిటీ ఆఫీసు రేటబుల్ వాల్యూ 20,000 పౌన్లు. 49.9 పెన్నీల మల్టిప్లయర్‌తో బిల్లు 9,980 పౌన్లు. 80 శాతం, అంటే 7,984 పౌన్లు, చట్టమే తీసేస్తుంది. మిగిలిన 1,996 పౌన్లే కౌన్సిల్ టేబుల్ మీదకు వచ్చేది. జిల్లా కౌన్సిల్, కౌంటీ కౌన్సిల్ వేర్వేరుగా ఉన్న మామూలు ప్రాంతంలో ఆ మొత్తం వదులుకుంటే కేంద్రానికి 998, జిల్లాకు సుమారు 798, కౌంటీకి సుమారు 180, అగ్నిమాపక సంస్థకు 20 పౌన్లు తగ్గుతాయి. అంటే జిల్లా తన జేబులోంచి పెట్టేది 800 పౌన్ల లోపే. దరఖాస్తులో ఈ అంకె పక్కన మీ సేవ వల్ల ఆ జిల్లావాసులు ఎందరికి మేలు జరుగుతోందో రాయండి. సంస్థ ఆశయాల గురించి నాలుగు పేజీలు రాయడం కన్నా అది బాగా పనిచేస్తుంది.

చిన్న వ్యాపారాల రాయితీ దారి వేరు. అది 2005లో వచ్చింది. 2017 నుంచి రేటబుల్ వాల్యూ 12,000 పౌన్ల వరకు ఉంటే పూర్తి మాఫీ, అక్కడి నుంచి తగ్గుతూ 15,000 దగ్గర సున్నా. 13,500 అయితే సరిగ్గా సగం. ఇది హక్కు, కౌన్సిల్ దయ కాదు. రెండో షాపు తెరిచినప్పుడే చాలామంది దెబ్బతింటారు. రెండోది తెరిచాక పాత రాయితీ కొనసాగే గడువు దాటితే, రెండో చోటు విలువ 2,899 పౌన్లు మించినప్పుడు మొదటి షాపు రాయితీ కూడా పోతుంది.

దుకాణాలు, హోటళ్లు, వినోద స్థలాలకు 2019 నుంచి 2026 మార్చి దాకా నడిచిన రాయితీ ఇంకో రకం. కోవిడ్ ఏడాది అది 100 శాతం, 2023-24లో 75, 2025-26లో 40. దాన్నీ కౌన్సిళ్లు తమ విచక్షణాధికారం కిందే ఇచ్చాయి గానీ డబ్బంతా కేంద్రం తిరిగి చెల్లించింది. "పక్క షాపుకు అంత ఇచ్చి మా సంఘానికి 20 శాతం ఇవ్వలేరా" అన్న కోపం న్యాయమే అనిపిస్తుంది. కానీ మొదటిది కేంద్రం డబ్బు, రెండోదాంట్లో కౌన్సిల్ డబ్బు ఉంది. 2026 ఏప్రిల్ నుంచి ఆ రాయితీ పోయి, ఆ వ్యాపారాలకు తక్కువ మల్టిప్లయర్లు వచ్చాయి.

చారిటీ అన్న పేరు ఒక్కటీ సరిపోదు. ఖాళీ భవనాలను లీజుకు తీసుకున్న ఒక ట్రస్టు లోపల చిన్న వైర్‌లెస్ ప్రసార పెట్టె పెట్టి 80 శాతం అడిగింది. లీజుకిచ్చినవారికి ఖాళీ భవనం పన్ను తప్పింది. భవనంలో అత్యధిక భాగం వాడకంలో లేనప్పుడు ప్రధానంగా ధర్మకార్యానికి వాడినట్టు కాదని 2013లో హైకోర్టు తేల్చింది. అప్పటి నుంచి తనిఖీకి వచ్చేవారు ఏ గది దేనికి, వారానికి ఎన్ని గంటలు వాడుతున్నారని అడుగుతారు. గదుల వాడకం రిజిస్టరు ఉంచుకోండి. ప్రైవేటు స్కూళ్ల సంగతి వేరు. చారిటీలుగా ఉన్నవాటికి కూడా 2025 ఏప్రిల్ నుంచి ఈ రాయితీని పార్లమెంటే తీసేసింది.

కౌన్సిల్ ఇచ్చిన విచక్షణ రాయితీని రద్దు చేయాలంటే మామూలుగా ఏడాది ముందు నోటీసు ఇవ్వాలి, అదీ ఆర్థిక సంవత్సరం చివరితో ముగిసేలా. అందుకే చాలా కౌన్సిళ్లు మొదటే గడువు పెట్టి ఇస్తాయి. గడువు తేదీ నిర్ణయ లేఖలోనే ఉంటుంది. దాన్ని ట్రస్టీల మీటింగు మినిట్స్‌లోకి ఎక్కించకపోతే, పాత కార్యదర్శి దిగిపోయాక ఎవరికీ గుర్తుండదు. ఆర్థిక సంవత్సరం ముగిసిన 6 నెలల తర్వాత వెనక్కి రాయితీ ఇవ్వకూడదన్న పాత ఆంక్షను 2023 చట్టం తొలగించింది కాబట్టి, ఆలస్యమైనా అడగవచ్చు. కాదంటే ట్రిబ్యునల్‌కు అప్పీలు లేదు. కౌన్సిల్‌నే మళ్లీ పరిశీలించమని కోరాలి, అదీ కుదరకపోతే హైకోర్టులో జ్యుడీషియల్ రివ్యూకు వెళ్లాలి. ఈలోగా వాయిదాలు ఆపకూడదు. ఆపితే రిమైండరు, ఆ తర్వాత మేజిస్ట్రేట్ కోర్టు సమన్లు, వాటి ఖర్చులు మీదపడతాయి. రాయితీ మంజూరైతే ఎక్కువ కట్టింది ఎలాగూ తిరిగి వస్తుంది.