ఫ్రీ బస్సు కంటే ముందే కట్టిన ఒడిబియ్యం మూట

2024 ఫిబ్రవరిలో మేడారం జాతరప్పుడు హనుమకొండలో ఎక్కడ నిలబడినా ఒకటే మాట: ‘ఫ్రీ బస్సు పెట్టిన్రు, ఆడోళ్లంతా మేడారం బాట పట్టిన్రు.’ అంతకు రెండు నెలల ముందు, 2023 డిసెంబర్ 9న, తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో టికెట్ లేకుండా చేసిన మహాలక్ష్మి పథకం మొదలైంది. ఆ తర్వాత వచ్చిన మొదటి మేడారం జాతర అదే. సీటు కోసం కిటికీలోంచి సంచులు, చేతిరుమాళ్లు విసిరిన మాట నిజమే. కానీ ఆ నవ్వులాటలో ఒక పొరపాటు ఉంది. మేడారంతో ఆడవాళ్లకున్న లెక్కలు ఆర్టీసీ పుట్టకముందువి.

ములుగు జిల్లా తాడ్వాయి అడవిలో రెండేళ్లకోసారి, మాఘ పౌర్ణమి దగ్గర్లో నాలుగు రోజులు జరిగే సమ్మక్క-సారలమ్మ జాతర ఇది. బుధవారం కన్నెపల్లి నుంచి సారలమ్మ వస్తుంది. గురువారం చిలుకలగుట్ట నుంచి సమ్మక్కను తెస్తారు, పోలీసులు గాలిలోకి తుపాకీ పేల్చి స్వాగతం చెబుతారు. గద్దెల మీద విగ్రహాలుండవు. వెదురు కంకవనం, కుంకుమ భరిణె. తెచ్చేదీ పూజ చేసేదీ వడ్డెలే, అంటే కోయ పూజారులే. శనివారం వనప్రవేశం.

కోయల నోట ఉన్న కథ అందరికీ తెలిసిందే. కరువొచ్చి కప్పం కట్టలేకపోతే కాకతీయ సేన మీదికొచ్చింది. సమ్మక్క భర్త పగిడిద్దరాజు, బిడ్డ సారలమ్మ, అల్లుడు గోవిందరాజు పోరులో పోయారు. కొడుకు జంపన్న సంపెంగవాగులో దూకాడు, అదే ఇప్పటి జంపన్నవాగు. వెనక నుంచి పొడిచిన బల్లెంతోనే సమ్మక్క చిలుకలగుట్ట వైపు నడిచి కనపడకుండా పోయింది. వెతకబోయినవాళ్లకు పుట్ట దగ్గర కుంకుమ భరిణె దొరికింది. ఏ ప్రతాపరుద్రుడి కాలమన్న దాని మీద ఇప్పటికీ వాదనలున్నాయి, వాటి జోలికి పోను. నేను ఆగిపోయేది ఆ భరిణె దగ్గరే. భర్త పోయిన ఆడదాని బొట్టు తీయించే ఊళ్లలోనే, భర్తను పోగొట్టుకున్న ఈ తల్లికి గుర్తు కుంకుమ అయింది. దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకున్నట్టు కనపడదు.

ఇక ఒడిబియ్యం. మన దిక్కు పెళ్లయిన ఆడబిడ్డకు తల్లిగారింట్లో పీట మీద కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం, కుడకలు, ఖర్జూరాలు, పోకలు, రవిక గుడ్డ ఒడిలో పోస్తారు. ‘నువ్వు ఇంకా మా ఇంటిదానివే’ అని మాటల్లో చెప్పకుండా చెప్పడం అది. అమ్మగారు పోయాక చాలామంది ఆడవాళ్లకు పండుగలు, చీరలు అందుతాయేమో కానీ ఒడిబియ్యం పోసే చేతులే ఉండవు. అలాంటి బియ్యాన్నే మేడారానికి మూట కట్టుకుని పోతారు. అంటే సమ్మక్క దగ్గరికి వెళ్లే మనిషి చేయి చాపి అడగడానికే పోవట్లేదు. ఇంటి బిడ్డకు పెట్టినట్టు పెట్టి వస్తోంది. గద్దెల మీద తల్లీబిడ్డలు ఉన్నారు, ఎదురుగా నిలబడి ఒడిబియ్యం పోసే మనిషి ఆ కాసేపు సమ్మక్కకు తల్లి.

అడిగేవాళ్లు లేరని కాదు. కన్నెపల్లిలో సారలమ్మ గుడి నుంచి బయల్దేరే వేళ, పిల్లల్లేని ఆడవాళ్లు తడి బట్టలతో దారిలో అడ్డంగా పడుకుంటారు. దేవతను పట్టుకున్న వడ్డెలు వాళ్ల మీదుగా దాటి నడుస్తారు. దాన్ని వరం పట్టడం అంటారు. ఆ వరాల ఫలం బడి రిజిస్టర్లలో చూడాలి: సమ్మయ్య, సారయ్య, సమ్మక్క, సారక్క. ఉమ్మడి వరంగల్, కరీంనగర్ జిల్లాల్లో ఈ పేర్లు లేని ఊరు దొరకడం కష్టం.

బిడ్డ పుట్టాక మొక్కు తీరాలి. దానికి బంగారం కావాలి, అంటే బెల్లం. నిలువెత్తు బంగారం. మా నాయనమ్మ నన్ను ఐదేళ్లప్పుడు కట్టెల అడితిలో తూకం వేయించింది. ఒక తక్కెడలో నేను, రెండో దాంట్లో బెల్లం ముద్దలు. సగం ముద్ద ఎక్కువైతే ‘ఉండనీ, రేపటికి పెరుగుతడు’ అంది. 2024 జాతరప్పుడు ఆ బెల్లం కొనాలంటే ఆధార్ జిరాక్స్ అడిగారు, గుడుంబా బట్టీలకు పోతుందని ఎక్సైజ్ వాళ్ల టెన్షన్. మొక్కు మొక్కింది ఆడమనిషైనా, దుకాణంలో రాయించింది మొగుడి నంబరే.

పూర్వం ఈ జాతర బయ్యక్కపేటలో జరిగేదని, తర్వాత మేడారానికి మారిందని పెద్దలు చెబుతారు. ఎడ్లబండ్లు కట్టుకుని, దారిలో వంట చేసుకుంటూ పోయేవాళ్లు. బండి కట్టాలా వద్దా అన్నది మగవాళ్ల చేతిలో ఉండేది. ఎద్దులు బాగున్నాయా, అప్పు పుట్టిందా, పంట చేతికొచ్చిందా, ఇన్ని చూశాకే ప్రయాణం. మొక్కు ఆమెది, ముహూర్తం ఆయనది. కొన్ని మొక్కులు మూడు నాలుగు జాతరలు వెనక్కి పోయేవి. 1996లో ప్రభుత్వం దీన్ని రాష్ట్ర పండుగ చేసింది. రోడ్లు, ప్రత్యేక బస్సులు, తాత్కాలిక బస్టాండు వచ్చాయి. ఇప్పుడు జనం కోటి దాటుతారని అధికారుల లెక్క.

ఫ్రీ బస్సు మార్చింది ఈ ముహూర్తం సంగతినే. వాడకట్టు నుంచి నలుగురు వదినా మరదళ్లు, ఒక ముసలమ్మ, చంకలో పిల్ల, ఇంత సద్ది కట్టుకుని తెల్లారి బస్సెక్కుతున్నారు. పాత బాకీలు తీరుతున్నాయి. అందుకే గుంపు పెరిగినట్టు కనపడింది.

అక్కడికి పోయాక మాత్రం కథ వేరు. జంపన్నవాగులో నీళ్లు చాలకపోతే ఒడ్డున నల్లాలు పెడతారు, వరసగా నిలబడి స్నానం. బట్టలు మార్చుకునే రేకుల గదులున్నాయి కానీ ఆ జనానికి ఏ మూలకు? పోయినసారి మా చిన్నమ్మ గంటన్నర తడి చీరతోనే లైనులో నిలబడింది. మరుగుదొడ్డి సంగతి అడిగితే, ముందు రోజు సాయంత్రం నుంచే నీళ్లు తాగడం మానేశానంది. మాస్టర్ ప్లాన్ల గురించి మాట్లాడేవాళ్లు ముందు ఆ లైనులో ఒక పూట నిలబడాలి.

తిరుగు బస్సులో చిన్నమ్మ ఒడిలో పాలిథీన్ కవరు, అందులో గద్దె మీద నుంచి దొరికిన బెల్లం ముక్క, చిటికెడు పసుపు. ఇంటికొచ్చి తల కూడా ఆరకముందే దాన్ని పలగ్గొట్టి వాడకట్టంతా పంచింది. ఎదురింటావిడ అరచేతిలో పెట్టించుకుని, కళ్లకద్దుకుని అడిగింది: ‘వచ్చే జాతరకు నన్నూ తోలుకపోతవా? మా అమ్మ మొక్కు ఒకటి మిగిలిపోయింది.’