నల్లబల్ల మీద పుట్టిన ప్రోగ్రామింగ్ భాష

గుంటూరు మిర్చి యార్డులో మూడు టిక్కీలు (మిర్చి బస్తాలు) కాటాకెక్కాయనుకోండి. బరువులు 40, 42, 45 కిలోలు. రకాలు వేరు కనుక కిలో ధరలూ వేరు: 180, 200, 160 రూపాయలు. గోతం కింద టిక్కీకి కిలో తరుగు తీద్దాం (ఎంత తీయడం న్యాయమన్నది వేరే గొడవ). రైతుకు రావాల్సిందెంత?

మామూలు ప్రోగ్రామింగ్ భాషల్లో దీనికి లూప్ రాస్తాం. ఒక టిక్కీ తీసుకో, తరుగు తీసెయ్, ధరతో హెచ్చించు, మొత్తానికి కలుపు, తర్వాతది తీసుకో... ఏపీఎల్ అనే భాషలో ఇంతే:

+/ధరలు×బరువులు-1

కుడి నుంచి మొదలుపెట్టాలి. ప్రతి బరువులోంచీ 1 పోయి 39, 41, 44 మిగులుతాయి. దేని ధరతో అది హెచ్చవుతుంది. +/ అన్నిటినీ కూడుతుంది. 22,260 రూపాయలు. మూడు టిక్కీలైనా మూడు లక్షలైనా ఈ వరుస మారదు. 'ముందు గుణకారం, తర్వాతే తీసివేత' అన్న బడి సూత్రం ఇక్కడ చెల్లదు. గుర్తులు డజన్లకొద్దీ ఉన్నప్పుడు దేని తర్వాత ఏదో ఎవరు గుర్తుపెట్టుకుంటారు? అందుకే అన్నిటికీ ఒకటే నియమం.

ఏపీఎల్‌ను కల్పించిన కెనడా గణితవేత్త కెన్నెత్ ఐవర్సన్ మనసులో మొదట కంప్యూటర్ మీద నడిపే భాషేమీ లేదు. 1950ల్లో హార్వర్డ్‌లో పాఠం చెబుతూ, నల్లబల్ల మీద లెక్కల పద్ధతులను క్లుప్తంగా, అనుమానానికి తావులేకుండా రాయడానికి ఈ లిపిని తయారుచేసుకున్నాడు. 1960లో ఐబీఎంలో చేరాడు. 1962లో వచ్చిన అతని పుస్తకం పేరు 'ఏ ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్'; ఏపీఎల్ అన్న పేరు దాన్నుంచే. 1964లో ఐబీఎం సిస్టమ్/360 కంప్యూటర్ పనితీరును ఈ లిపిలోనే వర్ణించారు. టైపు చేస్తే వెంటనే జవాబిచ్చే భాషగా అది నిలబడింది 1966లో. అంటే యంత్రాన్ని వర్ణించిన తర్వాతే యంత్రంలోకి వెళ్లింది!

చిక్కంతా ఆ గుర్తులతోనే. ఐబీఎం టైప్‌రైటర్‌లో అక్షరాలుండే బంతి మీద పట్టేవి 88. చాలక, ఒక గుర్తు కొట్టి వెనక్కి జరిపి దానిమీదే ఇంకొకటి కొట్టేవారు. ఐవర్సన్‌కు 1979లో కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు వచ్చింది కానీ, ప్రత్యేక కీబోర్డు కావాల్సిన భాష ఇంటింటికీ చేరడం కష్టమే. 1990లో రోజర్ హుయీతో కలిసి మామూలు కీబోర్డు గుర్తులతోనే 'జె' అనే భాష తెచ్చాడు. ఆర్థర్ విట్నీ ఇదే బాటలో చేసిన 'కె' భాష షేర్ మార్కెట్ లెక్కల్లో స్థిరపడింది.

నా దృష్టిలో అసలు వారసత్వం మాత్రం ఆ గుర్తుల్లో లేదు. విజయవాడ, గుంటూరు ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలు పైథాన్ భాషలో నంపై అనే లెక్కల లైబ్రరీ వాడుతూ వరుసలకు వరుసలు ఒక్కసారే హెచ్చిస్తున్నారే, ఆ ఆలోచన ఏపీఎల్‌దే. ముందు ఏ టిక్కీ, తర్వాత ఏ టిక్కీ అని మనం చెప్పకపోవడం వల్ల యంత్రానికి స్వేచ్ఛ దొరుకుతుంది. నేటి గ్రాఫిక్స్ ప్రాసెసర్లు వేల హెచ్చవేతలను పక్కపక్కనే చేసేస్తాయి. 1966లో ఏపీఎల్ నడిచిన సిస్టమ్/360 మాత్రం వాటిని లోపల ఒక్కొక్కటిగానే చేసుకునేది.