డబ్బా ఇంటి లెక్కన, రుసుము పొయ్యి లెక్కన: చెత్త తగాదాల వెనక కథ

ఘన వ్యర్థాల నిర్వహణ కొత్త నిబంధనలు 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి రావడంతో, హైదరాబాద్‌లో మూడు నాలుగు పోర్షన్లున్న ఇళ్ల గేట్ల దగ్గర పాత పంచాయితీకి కొత్త కారణం దొరికింది. తడి, పొడి అనే రెండు డబ్బాల దగ్గరే పొత్తు కుదరని చోట ఇక నాలుగు రకాలుగా విడదీయాలి. వాడిన ప్యాడ్లు, డైపర్ల లాంటి శానిటరీ చెత్త వేరు. బల్బులు, పాత మందులు, పెయింటు డబ్బాల్లాంటి ప్రమాదకరమైనవి వేరు. కొత్త డబ్బాలు ఎవరు కొనాలి, ఎక్కడ పెట్టాలి, మన డబ్బాలో పక్కవాళ్ల కవరు కనిపిస్తే ఎవరిని అడగాలి? ఇదంతా ఇరుగుపొరుగు మర్యాద తెలియకపోవడం వల్ల వచ్చిన గొడవ అని తేల్చేసేవాళ్లే ఎక్కువ. కానీ దీని మూలం 2015లో కుదరకుండా మిగిలిపోయిన ఒక లెక్కలో ఉంది.

నగరాల్లో చెత్త నిర్వహణ సరిగా లేదని పర్యావరణ కార్యకర్త అల్మిత్రా పటేల్ సుప్రీంకోర్టుకు వెళ్లడం, ఆ తర్వాత 2000లో తొలి నిబంధనలు రావడం చాలాసార్లు చెప్పుకున్న సంగతులే. వీధి మలుపులో పెద్ద ఇనుప కుండీ ఉన్న రోజుల గురించి మాత్రం ఒక్క మాట చెప్పుకోవాలి. దాని కంపు, దాని చుట్టూ కుక్కలు, వానకు కారే నల్లనీళ్లు, ఇవన్నీ ఎదురింటివాళ్ల నెత్తినే పడేవి. అయితే అందులో ఎవరు ఏం వేశారో, ఏ వేళ వేశారో ఎవరికీ పట్టేది కాదు. రాత్రి పదకొండింటికి డ్యూటీ నుంచి వచ్చినవాళ్లు కూడా కవరు అందులో పడేసి ఇంటికి పోయేవాళ్లు. పక్కింటివాళ్ల ఎంగిలి పక్కింటివాళ్ల కంట పడే సందర్భం ఉండేది కాదు.

2015 మే నెలలో స్వచ్ఛ హైదరాబాద్ అనే పరిశుభ్రత కార్యక్రమం మొదలైంది. అదే ఏడాది నవంబరులో ఇంటింటికీ తిరిగి చెత్త తీసుకెళ్లే స్వచ్ఛ ఆటోలు రోడ్డెక్కాయి. ఆకుపచ్చది తడికి, నీలంది పొడికి అని ఇంటికి రెండు చొప్పున 22 లక్షల ఇళ్లకు 44 లక్షల డబ్బాలు పంచాలని నగర పాలక సంస్థ జీహెచ్‌ఎంసీ పూనుకుంది. ఆటోలను డ్రైవరే యజమాని అనే పద్ధతిలో ఇచ్చారు. బ్యాంకు అప్పు అతని పేరు మీదే ఉంటుంది, కంతులు అతనే కట్టుకోవాలి. కార్పొరేషన్ అతనికి జీతం ఇవ్వదు. ఇంటికి నెలకు అప్పట్లో పెట్టిన ₹50 వసూలు చేసుకోవాలి, పొడి చెత్త అమ్ముకోవాలి, ఆ రెంటితోనే బతకాలి. ఒక్కో బండికి సుమారు 600 ఇళ్లు అప్పగించారు. ఆరు గంటల్లో అన్ని గడపలూ తిరగాలంటే ఒక్కో ఇంటికి దక్కేది 36 సెకన్లు. ఆ కాస్త సమయంలోనే గేటు దగ్గర ఆగి, డబ్బా అందుకుని, బండిలోని రెండు అరల్లో వంచి, ఖాళీ డబ్బా తిరిగి ఇవ్వాలి. బండి రావడం ఖాయమైందన్న లెక్క మీద, తర్వాతి ఏళ్లలో వీధి కుండీలను దశలవారీగా ఎత్తేశారు.

అసలు చిక్కు మొదలైంది ఇక్కడే. డబ్బాలను ఇంటి లెక్కన ఇచ్చారు. రుసుమును మాత్రం డ్రైవర్లు పొయ్యి లెక్కన అడగడం మొదలుపెట్టారు, ఎందుకంటే చెత్త పుట్టేది పొయ్యి దగ్గర. కింద ఓనరు, పైన రెండు కుటుంబాలు, మేడ మీద గదిలో ఇద్దరు బ్యాచిలర్లు ఉంటే డ్రైవరు లెక్కలో అది నాలుగు ఇళ్లు. ఓనరు లెక్కలో ఒకే ఇల్లు, ఒకే రుసుము. ఉన్న రెండు డబ్బాలేమో గేటు లోపల ఓనరు వాకిట్లోనే ఉంటాయి. ఒప్పందం కుదరని చోట డ్రైవరు ఒక ఇంటి డబ్బా మాత్రమే తీసుకుని, పక్కన పెట్టిన కవర్లను వదిలేస్తాడు. వదిలేసిన కవరు సాయంత్రానికి ఎక్కడో ఒకచోట తేలాలి. వీధి కుండీ లేదు గనుక అది పక్కింటి డబ్బాలోనో, ఖాళీ ప్లాటు గోడ పక్కనో తేలుతుంది. పక్కింటివాళ్లు సరిగ్గా రుసుము కడుతున్నవాళ్లయితే వాళ్లకు ఒళ్లు మండటం సహజం, కట్టేది వాళ్లు, వాడుకునేది వేరొకళ్లు కదా.

కొలతలు చూసినా ఈ పొత్తు నిలిచేది కాదు. నగరంలో మనిషికి రోజుకు సుమారు అర కిలో చెత్త వస్తుంది, అందులో సగానికి పైగా తడిదే. నలుగురున్న ఇంట్లో తడి చెత్త కిలో దాటుతుంది, మూడు పోర్షన్లకు కలిపి మూడు నాలుగు కిలోలు. ఇళ్లలో వాడే పది పన్నెండు లీటర్ల డబ్బాలో కాస్త నొక్కితే నాలుగైదు కిలోలు పడతాయి. అంటే బండి రోజూ వస్తేనే సరిపోతుంది, ఒక్క పూట తప్పినా మూత పడదు. మూత పడకపోతే రాత్రికి కుక్కలు, తెల్లవారితే కాకులు. ఎండాకాలంలో ఈగ పెట్టిన గుడ్డు ఒక్క రోజులోనే పొదుగుతుంది కాబట్టి రెండో రోజు పొద్దున డబ్బా అంచున తెల్ల పురుగులు పాకుతుంటాయి. అప్పుడు డబ్బా కడిగేది ఎవరు అన్న ప్రశ్న పుడుతుంది. చాలా ఇళ్లలో గొడవ బయటపడేది ఆ రోజే, చెత్త వేసిన రోజున కాదు.

ఓనర్ల వాదనలో నిజం లేకపోలేదు. కంపు వాళ్ల వాకిట్లోనే. కిరాయికి వచ్చినవాళ్లు ఏడాదికోసారి మారుతుంటారు, నేర్పిన అలవాటు వాళ్లతోనే వెళ్లిపోతుంది. తడి పొడి కలిసి ఉంటే బండివాళ్లు మాట అనేది గేటు దగ్గర నిలబడ్డ ఓనరునే. డబ్బా విరిగినా, మూత పోయినా కొత్తది కొనేది కూడా వాళ్లే.

పై పోర్షన్లవాళ్ల మాట మాత్రం ఇంత సూటిగా ఎక్కడా వినపడదు, ఎందుకంటే చాలావరకు అది బయటికి చెప్పుకోలేని మాట. ఉమ్మడి డబ్బా అంటే ఇంట్లో ఏం వండారో, ఏం తిన్నారో, ఎవరికి ఏ జబ్బుందో, ఏ వారం నెలసరి వచ్చిందో కింద గేటు దగ్గర అందరి ముందూ తెరిచి పెట్టడమే. శానిటరీ ప్యాడ్లు నల్ల కవర్లో మడిచి, కూరగాయ తొక్కల కింద లోతుగా దాచడానికి కారణం నిర్లక్ష్యం కాదు, సిగ్గు. ఆ నల్ల కవరులో ఏముందో తెలియక చేత్తో చింపేది బండి మీద పనిచేసే మనిషి. చాలా బండ్ల మీద భార్యాభర్తలిద్దరూ కలిసే తిరుగుతారు, చెత్త వేరు చేసే పని తరచూ ఆమెదే. ఇక్కడ ఒక ఆడమనిషి దాచుకున్నదాన్ని అక్కడ ఇంకొక ఆడమనిషి వట్టి చేతులతో విప్పుతోంది.

ఎముకల సంగతి కూడా దాచాల్సిన పని లేదు. శాకాహారులైన ఓనర్ల ఇళ్లలో ఆదివారం మధ్యాహ్నం తర్వాత వచ్చే తగాదాల్లో చాలావాటికి అసలు కారణం డబ్బాలో కనబడ్డ కోడి ఎముకలో, చేప పొలుసులో. పైకి మాత్రం వాసన అనో, పిల్లి వస్తోందనో చెబుతారు. నిబంధనల ప్రకారం ఎముకలూ తడి చెత్తే, అరటి తొక్కకున్న హక్కు వాటికీ ఉంది. ఇల్లు కిరాయికి ఇచ్చేటప్పుడు ఒప్పుకుని, చెత్త దగ్గర ఒప్పుకోకపోవడం న్యాయం కాదు. అదే విధంగా పూజ పూలు, చవితి పత్రి ఎంగిలితో కలపడానికి మనసొప్పక గేటుకో చెట్టుకో కవరులో వేలాడదీసేవాళ్లున్నారు. వాటికి వేరే సంచి పెట్టి నేరుగా బండివాళ్ల చేతికిస్తే ఎవరికీ అభ్యంతరం ఉండదు, ప్లాస్టిక్ కవరు, దారం, అగరుబత్తి పెట్టె తీసేసి ఇవ్వాలి అంతే.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ కథ వేరే దారి పట్టింది. 2021 అక్టోబర్ 2న విజయవాడలో అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమం మొదలుపెట్టారు. పట్టణాల్లోని 40 లక్షల ఇళ్లకు మూడేసి చొప్పున 1.20 కోట్ల డబ్బాలు లెక్క కట్టారు. ఆకుపచ్చ, నీలంతో పాటు ప్రమాదకర చెత్తకు ఎర్ర డబ్బా వచ్చింది. కార్పొరేషన్లలో ఇంటికి నెలకు ₹120 దాకా రుసుము పెట్టారు, దాన్ని వసూలు చేసింది బండివాడు కాదు, ప్రభుత్వ సిబ్బంది. దాంతో కోపం పక్కింటి మీదికి పోకుండా సర్కారు మీదికి మళ్లింది. దానికి చెత్త పన్ను అనే పేరు స్థిరపడింది, 2024 ఎన్నికల్లో ప్రచారాంశమైంది. ఆ ఏడాది అక్టోబర్ 2న మచిలీపట్నంలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఆ పన్ను రద్దు చేస్తున్నట్టు ప్రకటించారు. డబ్బు ఎవరు, ఎవరి చేతికి, ఏ లెక్కన ఇస్తారన్నదే చెత్త గొడవ ఎవరి మధ్య జరగాలో తేలుస్తుందని చెప్పడానికి ఈ రెండు రాష్ట్రాలే చాలు. మూడు డబ్బాల అలవాటు ఉన్న విజయవాడ ఇంటికి నాలుగో రకం ఒక్క అడుగు దూరం. రెండింటి దగ్గరే ఆగిన హైదరాబాద్ ఇంటికి రెండు అడుగులు.

పొత్తు నిలిచిన ఇళ్లూ ఉన్నాయి, వాటిలో కొన్ని పద్ధతులు ఒకేలా కనబడతాయి. తడి డబ్బాను ఎవరి వంటింట్లో వాళ్లు ఉంచుకుంటారు, ఉమ్మడిగా పెట్టరు. అది చిన్నదైనా చాలు, ఐదారు లీటర్లది. గంజి, సాంబారు, పాడైన పెరుగు సింకులో జల్లెడ గిన్నెలో వంచి, నీరు కారాక మిగిలిందే డబ్బాలో వేస్తారు, నీళ్లు లేకపోతే సగం కంపు ఉండదు. అడుగున రెండు పొరల వార్తాపత్రిక వేస్తే డబ్బా గోడలకు అంటుకోదు, తడి చెత్తతో పాటే కాగితం ఎరువులోకి పోతుంది. ప్లాస్టిక్ కవరు వేసి ముడి కడితే బండి మనిషి దాన్ని చింపాలి, 36 సెకన్లలో అది జరగదు, కాబట్టి మొత్తం కలిపే పోతుంది. చేప పొలుసు, రొయ్య తొక్కలు కాగితంలో చుట్టి బండి వచ్చేదాకా ఫ్రీజర్‌లో ఉంచితే వాసన మాటే రాదు. డబ్బా కడిగాక చిటికెడు బ్లీచింగ్ పౌడరు వేయొచ్చు గానీ చెత్త మీద చల్లకూడదు, ఎరువు చేసే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి.

పొడి చెత్త మాత్రం ఉమ్మడిగా పెట్టుకోవచ్చు, మెట్ల కింద ఒక గోనెసంచి చాలు. వారం పది రోజులు ఉన్నా పాడవదు. పాల ప్యాకెట్లను నీళ్లతో తొలిచి ఆరబెట్టకపోతే మూడో రోజుకే పులిసిన వాసన మొదలై మిగతా కాగితం, అట్ట కూడా అమ్ముడుపోకుండా చేస్తుంది. ఆ కాగితం, అట్ట బండివాళ్లకు ఆదాయం, అది చెడితే వాళ్లు ఆ ఇంటి మీద అలగడంలో తప్పు లేదు. పగిలిన గాజు అట్టపెట్టెలో పెట్టి పైన గాజు అని రాయాలి. ఇన్సులిన్ సూదులు గట్టి ప్లాస్టిక్ సీసాలో వేసి మూత బిగించాలి. ప్యాడ్లు, డైపర్లు కాగితంలో చుట్టి, పుణే, బెంగళూరుల్లో చేసినట్టు మీద ఎర్ర చుక్క పెడితే విప్పకుండానే సంగతి తెలుస్తుంది.

నైట్ డ్యూటీవాళ్ల కవరు గేటు మీద వేలాడటం మీద కూడా ఫిర్యాదులు ఎక్కువే. బండి పొద్దున ఏడింటికి వస్తే అప్పుడే పడుకున్న మనిషి లేవలేడు. పక్క పోర్షన్‌వాళ్లు వాళ్ల డబ్బా కూడా అందించడం పెద్ద పనేం కాదు, కాకపోతే ముందుగా అడగాలి, అడిగి డబ్బాకు మూత పెట్టి తలుపు పక్కన ఉంచాలి. ఎదుటివాళ్ల డబ్బాలో చెప్పకుండా వేయడానికీ, చెప్పి ఇవ్వడానికీ మధ్య తేడా అక్కడే ఉంది. ‘అక్కా, రేపు మా డబ్బా కూడా ఇవ్వవా’ అన్న మాటకు కాదనేవాళ్లు తక్కువ.

ఇప్పటి వివాదంలో ఓనర్లు, కిరాయిదార్లు ఇద్దరూ నిబంధననే చూపిస్తున్నారు. కొత్తవి వచ్చేదాకా అమల్లో ఉన్న 2016 నిబంధనల్లో చెత్త పుట్టించేవాళ్ల నిర్వచనంలో ప్రతి వ్యక్తి ఉన్నాడు, ప్రతి నివాస భవనమూ ఉంది. అందుకే డబ్బాలు భవనం బాధ్యతని కిరాయిదారు, మనిషి బాధ్యతని ఓనరు వాదిస్తే ఇద్దరికీ ఆధారం దొరుకుతుంది. రుసుము పోర్షన్‌కు ఇంత అని కిరాయి మాట్లాడుకునే రోజే తేల్చుకుని, నెలనెలా అందరిదీ కలిపి ఒకరి చేత్తో బండివాళ్లకు ఇచ్చే ఇళ్లలో ఈ వాదన రాదు. కొత్తగా వచ్చిన రెండు రకాల్లో బల్బులు, మందుల పెట్టె మెట్ల కింద ఒకటుంటే ఇంటిల్లిపాదికీ సరిపోతుంది, అది నిండటానికి నెలలు పడుతుంది. దాన్ని ఓనరు కొనడం న్యాయం. శానిటరీ డబ్బా మాత్రం మూతతో, ఎవరి బాత్రూంలో వాళ్లకే ఉండాలి, దాన్ని ఉమ్మడిగా గేటు దగ్గర పెట్టమని ఎవరూ అడగకూడదు.